ఉపవాసముండి ప్రార్థించినా అమ్మ బ్రతకలేదు. ఇకమీదట దేవుణ్ణి నమ్మడం ఎలా?

సహోదరా, మీరు రాసినది రెండుసార్లు చదివి, ఒక రోజు ఆగి ఈ జవాబు రాస్తున్నాను. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. కిందటి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీ అమ్మగారి పేరున తీసిన వాగ్దాన కార్డులో యిర్మీయా 30:17 వచ్చింది: "నేను నీకు ఆరోగ్యము కలుగజేసెదను". అప్పటికి ఆమెకు కాన్సరని తెలిసి మూడు నెలలైంది. మీ సంఘమంతా ఆ కార్డునే దేవుని జవాబుగా పట్టుకుంది. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేశారు, స్వస్థత కూటాలకు తీసుకువెళ్లారు, నగలు తాకట్టు పెట్టి వైద్యమూ చేయించారు. ఆగస్టులో ఆమె ప్రభువునందు నిద్రించారు. ఆదరణ కూటంలోనే ఒక పెద్దమనిషి "ఈ ఇంట్లో ఎవరి విశ్వాసమో చాలలేదు" అన్నారు. ఆనాటి నుంచి మీ నోట ప్రార్థన రావడం లేదు. మందిరానికి వెళితే స్తుతి పాటల మధ్య ఊపిరాడక బయటికి వచ్చేస్తున్నారు. దేవుడు మాట తప్పాడా, తప్పు మాదా, ఇకమీదట నమ్మడం ఎలా అని అడిగారు. అమ్మగారి బైబిలు బీరువాలోనే ఉందనీ, దాన్ని తెరవలేకపోతున్నాననీ చివర ఒక్క మాట రాశారు. ఆ మాట దగ్గరికి చివరలోనే వస్తాను.

నేను ముప్పై ఎనిమిదేళ్లు పాస్టరుగా గుంటూరు, ప్రకాశం జిల్లాల సంఘాల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ వాగ్దాన కార్డులను నేనూ పంచాను. నవంబరులోనే ప్రెస్సుకు వెళ్లి, ఏ వచనాలు వేయించాలో ఎంచినది నేనే. తియ్యని వచనాలే ఎంచాను. "చీకటే నాకు బంధువర్గమైంది" అని ముగిసే 88వ కీర్తనను ఏ సంవత్సరమూ కార్డు మీద వేయించలేదు. పళ్లెంలో నుంచి మనిషి ఏ కార్డు తీసినా మంచి మాటే వచ్చేటట్టు మేమే ఏర్పాటు చేసి, వచ్చిన దాన్ని దేవుడు మీ ఇంటికి ప్రత్యేకంగా పలికిన మాట అని చెప్పాము. అందులో మోసం చేయాలన్న తలంపు ఎవరికీ లేదు, కొత్త సంవత్సరం రాత్రి జనానికి ఒక ధైర్యం ఇచ్చి పంపుదామన్నదే తలంపు. అయినా ఆగస్టులో మీ ఇంట్లో జరిగినటువంటిది జరిగినప్పుడు, ఆ ధైర్యం ఇచ్చినవాళ్లు పక్కకు తప్పుకుంటారు, నింద దేవుని మీదో ఇంటివారి మీదో పడుతుంది.

ఇప్పుడు ఆ వచనం దగ్గరికే వెళదాం. యిర్మీయా 30వ అధ్యాయంలో దేవుడు మాట్లాడుతున్నది ఒక రోగితో కాదు, సీయోనుతో. "ఎవరును లక్ష్యపెట్టని" పట్టణమని పేరుపడిన యెరూషలేముతో, దానితోపాటు చెరలోకి పోయిన ఒక జనంతో. అదే అధ్యాయంలో అయిదు వచనాల ముందు, నీ వ్యాధి ఘోరమైనది, నీ గాయానికి మందు లేదు అన్న మాటలున్నాయి. వాటిని ఎవరూ కార్డు మీద అచ్చువేయరు. ఇంకొక్క అధ్యాయం వెనక్కి వెళితే, మన ఇళ్లలో గోడల మీద అందరికంటే ఎక్కువగా కనిపించే వచనం ఉంది: మీకు నిరీక్షణ కలుగజేసే ఉద్దేశాలే నాకున్నవి అనే 29:11. దాని పై వచనంలోనే బబులోనులో డెబ్బై సంవత్సరాలు పూర్తయిన తర్వాత అని రాసి ఉంది. అది యిర్మీయా బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం అందుకున్న పెద్దలలో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూడకుండానే ఆ పరాయి నేలమీద సమాధి అయి ఉంటారు. వాళ్లకు యిర్మీయా చెప్పినది ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని. దానికి ముందరి అధ్యాయంలో హనన్యా అనే మరొక ప్రవక్త, రెండేళ్లలో అంతా చక్కబడుతుందని దేవాలయంలో నిలబడి ప్రకటించాడు. జనానికి నచ్చే మాట ఏదో చెప్పనక్కరలేదు. యిర్మీయా కూడా మొదట "ఆమేన్, అలాగే జరుగును గాక" అనే అన్నాడు, ఎందుకంటే అతనికీ అదే కావాలి. కాని అది దేవుడు పలికిన మాట కాదు.

కనుక మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: దేవుడు మీకిచ్చిన మాట తప్పలేదు. ఆ మాటను ఆయన మీకు ఆ విధంగా ఇవ్వలేదు, మేము ఇచ్చాము. ఇది ఓదార్పుగా కంటే దెబ్బగానే మొదట తగలవచ్చు. ఎనిమిది నెలలు పట్టుకుని నిలబడిన కర్రను చేతిలోనుంచి లాగేసినట్టు ఉంటుంది. అయినా అబద్ధమాడిన దేవుణ్ణి జీవితమంతా నమ్మడానికి పెనుగులాడటం కంటే, ఆయన ఏమి చెప్పాడో ఏమి చెప్పలేదో తేల్చుకోవడం మీకు మేలని నా నమ్మకం.

రెండవ ప్రశ్నకు ఎక్కువసేపు పట్టదు. తప్పు మీది కాదు. "ఎవరి విశ్వాసమో చాలలేదు" అన్న పెద్దమనిషి బహుశా యాకోబు పత్రిక 5వ అధ్యాయం మనసులో పెట్టుకుని ఉంటారు. ఆ భాగాన్ని జాగ్రత్తగా చదివితే, రోగి చేయవలసినదల్లా సంఘపెద్దలను పిలిపించుకోవడం. నూనె రాసి విశ్వాసంతో ప్రార్థించవలసినది ఆ పెద్దలు. స్వస్థత రానప్పుడు విశ్వాసపు లెక్క అడగాలంటే ముందుగా ఎవరిని అడగాలో ఆ వచనమే చెబుతోంది. కాని నేను చూసినంతలో ఏ పెద్దా ఆ లెక్క తనకు వేసుకోలేదు. హాస్యానికి అనడం లేదు, మంచం మీద ఉన్నవారి మీదా, మంచం పక్కన కూర్చున్నవారి మీదా నేరం మోపడం మన సంఘాల్లో అలవాటైపోయింది గనుక అంటున్నాను.

అపొస్తలుడైన పౌలు సంగతి చూడండి. ఎఫెసులో అతని శరీరానికి తగిలిన గుడ్డలు తీసుకువెళ్లి రోగుల మీద వేస్తే స్వస్థత కలిగిందని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతోంది. అదే పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక చివర, పలకరింపుల మధ్య, తన సహచరుడు త్రోఫిము రోగియై ఉంటే అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని ఒక్క ముక్క రాశాడు. ఎందుకు బాగుపడలేదో వివరం లేదు, ఎవరి విశ్వాసం చాలలేదో విచారణ లేదు. తన శరీరంలోని ముల్లు కోసం పౌలు మూడుసార్లు వేడుకుంటే, అతనికి దొరికినది "నా కృప నీకు చాలును" అన్న మాటే గాని ముల్లు పోలేదు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూపి, ఎవడు పాపం చేశాడు, వీడా వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించీ అంతే. ఇవన్నీ తెలిసిన మనమే ఆదరణ కూటంలో మైకు పట్టుకుని యోబు స్నేహితుడు ఎలీఫజులా మాట్లాడతాం. యోబు స్నేహితులు మొదటి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేలమీద కూర్చుని ఒక్క మాటా పలకలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. చివరి అధ్యాయంలో దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని కోపగించుకున్నది దేవుని పక్షాన వాదించామనుకున్న ఆ స్నేహితుల మీదే.

మూడవ ప్రశ్నే అసలైనది. దానికి పుస్తకంలోనుంచి కాక ముందు నా ఇంట్లోనుంచి జవాబు చెప్పాలి. 1998లో మా రెండవ అబ్బాయి పందొమ్మిదేళ్లవాడు మెదడువాపు జ్వరంతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. అప్పుడూ ఉపవాసాలున్నారు, అప్పుడూ వాగ్దానాలు ఎత్తి ప్రార్థించారు. మూడో ఆదివారం నేను బల్ల దగ్గర నిలబడి ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాను. "నీ చిత్తము" అనే మాట దగ్గర నా నోరు మూతపడిపోయింది. సంఘం ఆ వాక్యం పూర్తిచేసింది, తర్వాతి వాక్యంలో నేను కలిశాను. మరుసటి ఆదివారమూ అంతే. అలా పదకొండు నెలలు జరిగింది. ఎవరూ గమనించలేదనుకున్నాను. మా సంఘంలో ఒక వృద్ధురాలు ఉండేవారు, ఒకప్పుడు బైబిలు స్త్రీగా పల్లెలు తిరిగినావిడ. ఒకనాడు మా ఇంటికి పప్పూ అన్నం తెచ్చిపెట్టి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అన్నారు: "అయ్యగారూ, ఆ మాట దగ్గర మీరు ఆగిపోతున్నారని మాకు తెలుసు. అందుకే మేము అక్కడ కొంచెం గట్టిగా చెబుతున్నాం."

విశ్వాసమంటే ఒక మనిషి తన గుండెలో ఎంత పొంగించుకోగలడన్నదే అని అంతవరకు నేనూ బోధించాను. నా వంతు మాటను నా బదులు మరొకరు పలుకుతుండగా, ఆ గదిలోనే నిలబడి ఉండటం కూడా విశ్వాసమేనని ఆ రోజు తెలిసింది. పదకొండు నెలల తర్వాత ఏ అద్భుతమూ జరగలేదు. ఒక మామూలు ఆదివారం ప్రార్థన అయిపోయాక, ఆ మాట నా నోటినుంచి వచ్చిందని గుర్తించాను. ఆ మాట అర్థం కూడా నాకు మారింది. మా అబ్బాయి చావుకు నేను సమ్మతి ఇస్తున్నానని కాదు అందులో ఉన్నది. "పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక" అని అడుగుతున్నామంటే, భూమి మీద అది ఇంకా పూర్తిగా నెరవేరడం లేదన్నమాట. అదొక మొర. కొడుకును పాతిపెట్టిన తండ్రి ఆ మొర పెట్టవచ్చు.

మీరు ప్రార్థన రావడం లేదు అంటున్నారు. స్తుతి రావడం లేదనే మీ భావమని నా అనుమానం. మన కూటాల్లో ప్రార్థన అంటే స్తుతి, కృతజ్ఞత, సాక్ష్యం ఈ మూడే అయిపోయాయి. బాగుపడినవారికే మైకు అందుతుంది, బాగుపడనివారు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొడతారు. బైబిలు అలా లేదు. నూట యాభై కీర్తనల్లో మూడోవంతుకు పైగా విలాపాలే. 13వ కీర్తన ఆరు వచనాలది, అందులో మొదటి రెండు వచనాల్లోనే దావీదు నాలుగుసార్లు ఎంతకాలం, ఎంతకాలం అని నిలదీస్తాడు. చాలా విలాప కీర్తనలు చివరికి ఏదో ఒక నమ్మకపు మాట మీదికి తిరుగుతాయి. నేను ముందు చెప్పిన 88వ కీర్తన తిరగదు, చీకటితోనే ఆగిపోతుంది. దాన్ని చేర్చిన పెద్దలకు ముగింపు ఒకటి అతికించడం చేతకాక కాదు, అలాంటి రాత్రులుంటాయని వారికి తెలుసు. అయినా ఆ కీర్తనలో ప్రతి మాటా దేవునితోనే చెప్పబడింది. ఫిర్యాదు చేయడం మానుకున్న బిడ్డ గురించి తల్లి దిగులుపడుతుంది గాని, వచ్చి పోట్లాడే బిడ్డ గురించి కాదు.

లాజరు ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ వేరువేరుగా వచ్చి యేసుతో ఒకే మాట అన్నారు: ప్రభువా, నీవిక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు. అది నిష్ఠూరమే. ఆయన వారిలో ఎవరినీ గద్దించలేదు. మార్తతో మాట్లాడాడు, మరియను చూసి కన్నీళ్లు విడిచాడు. "వాళ్ల తమ్ముణ్ణి లేపాడు, మా అమ్మను లేపలేదు కదా" అని మీరు అడగవచ్చు, ఆ అడగడం న్యాయమే. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవారిని నమ్మకండి కూడా. గెత్సేమనేలో ఆయన స్వయంగా గిన్నె తొలగించమని అడిగాడు, అది తొలగలేదు. సిలువ మీద ఆయన నోట వచ్చినది స్తుతి కీర్తన కాదు, "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" అనే 22వ కీర్తన మొదటి మాట. నేను క్రైస్తవుడిగా మిగిలింది కారణాలన్నీ తేలినందువల్ల కాదు, ఆ ప్రశ్న అడిగినవాడే నా దేవుడు గనుక.

మీరు ఒంగోలు వారు గనుక ఒక స్థానిక సంగతి. అక్కడి ప్రార్థన కొండ గురించి చిన్నప్పటి నుంచి వినే ఉంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరులో పనిచేస్తున్న అమెరికా మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి కొండెక్కి ప్రార్థించారనీ, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారనీ మనవాళ్లు ఒక్క గుక్కలో చెబుతారు. మధ్యలో ఉన్న ఇరవై నాలుగేళ్లను దాటివేస్తారు. ఆ తెల్లవారుజాముకు కొద్ది నెలల ముందే, ఫలితం లేని ఈ నెల్లూరు మిషనును మూసివేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. దాన్ని మొదలుపెట్టిన శామ్యూల్ డే ఆరోగ్యం చెడి 1853లో తిరిగి వెళ్లిపోయాడు, 1871లో చనిపోయాడు, అంటే ఆ 1878ని ఆయన చూడలేదు. 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చింది. 1876 నుంచి 78 వరకు వచ్చిన కరువులో ఈ ప్రాంతాల్లో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో చెప్పలేం. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు, తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. కొండ మీద చలిలో నిలబడిన ఆ అయిదుగురికి జూలై 3 సంగతి తెలియదు. మనం తేదీ తెలిసినవాళ్లం గనుక వారి ప్రార్థన మనకు తేలికగా కనిపిస్తుంది. మీరు ఇప్పుడున్నది ఆ మధ్య సంవత్సరాల్లో. పైగా డే గారి వంతే మీ వంతు కావచ్చు, నేను దాచను.

ఇక చేయవలసిన పనులు. రోజుకొక విలాప కీర్తన పైకి చదవండి, 13తో మొదలుపెట్టి 22, 42, 77, 88 వరకు, ఆ తర్వాత మళ్లీ మొదటికి. సొంత మాటలు కలపనవసరం లేదు. స్తుతి పాటల సమయంలో ఊపిరాడకపోతే ఆ అరగంట బయటే ఉండి, వాక్యపఠనానికీ ప్రభువు బల్లకూ లోపలికి రండి. పాడలేనివాడికి కూడా రొట్టె తినడానికి నోరుంటుంది. ఆ పెద్దమనిషిని ఇప్పుడే క్షమించాలని మిమ్మల్ని మీరు హింసించుకోకండి, అయితే మీ పాస్టరు గారి దగ్గరికి వెళ్లి ఆ మాట వల్ల మీకు కలిగినది సూటిగా చెప్పండి. ఆయనకు అది వినడం అవసరం. తాకట్టు అప్పు గురించి సంఘంలో నమ్మకమైన ఒకరిద్దరికి చెప్పండి, సిగ్గుపడి వడ్డీ పెరగనివ్వకండి, అప్పు తెచ్చి స్వస్థత కూటాలకు కానుకలు మాత్రం ఇక ఇవ్వవద్దు.

నిద్ర పట్టడం లేదనీ, ఉదయం లేవాలనిపించడం లేదనీ మీరు రాసినదాన్ని నేను ఆత్మీయ విషయంగా మాత్రమే చూడటం లేదు. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రెండుసార్లు లేపి అన్నం పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనే తలంపు వస్తే అదే రోజు చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మందు వేసుకోవడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడని చెప్పండి.

ఈ డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లాలా అని కూడా అడిగారు. వెళ్లగలిగితే వెళ్లండి. కార్డుల పళ్లెం మీ ముందుకు వస్తే తీయకుండా పక్కవారికి అందించండి, దానికి వివరణ ఎవరికీ ఇవ్వక్కరలేదు.

అమ్మగారి బైబిలు తెరవడానికి తొందర లేదు. మా అబ్బాయి బైబిలు నేను రెండేళ్లకు గాని తెరవలేదు. మీరు తెరిచిన రోజున, అందరూ గీత గీసే వచనాల దగ్గర కాక, కీర్తనల్లో చీకటిగా ఉన్న పేజీల దగ్గర ఒకసారి చూడండి. నేను పరామర్శించిన రోగుల్లో చాలామంది తమ చివరి నెలల్లో, తమ భయాన్ని పిల్లల ముందు చెప్పలేక, కార్డు చేతిలో పెట్టుకుని నవ్వుతూ ఉండేవారు. వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, "అయ్యగారూ, ఆ ‘ఎన్నాళ్లవరకు’ కీర్తన చదవండి" అని అడిగేవారు. మీ అమ్మగారు కూడా పెన్సిలుతో ఎక్కడో ఒకచోట గీత గీసి ఉండవచ్చు. ఉంటే అక్కడినుంచే పైకి చదవడం మొదలుపెట్టండి.